బోర్డు లేని చోట నో పార్కింగ్ చలానా: కట్టేయాలా, కొట్లాడాలా?

(నలుగురి మధ్య చర్చ ఇది; ముందున్నవి వాళ్లు పెట్టుకున్న మారుపేర్లు.)

అమీర్‌పేట గల్లీ: నో పార్కింగ్ బోర్డు కనిపించని చోట చలానా పడితే రద్దవుతుందని కొందరు, ఉత్త దండగని కొందరు. ఏది నిజం?

పాత ఫైలు: బోర్డు లేదన్న ఒక్క ముక్క అన్నిచోట్లా చెల్లదు. కూడలి, మలుపు, ఫుట్‌పాత్, బస్టాపు, ఆస్పత్రి గేటు, ఆగి ఉన్న బండికి ఆనుకుని రెండో వరస... ఇక్కడ బోర్డు లేకున్నా తప్పే. ముందు ఈ-చలానా సైటులో బండి నంబరు కొట్టి ఫొటో చూడండి. కేసు బలమెంతో అక్కడే తేలుతుంది.

చిల్లర లెక్క: అంత లొల్లి దేనికన్నా? జరిమానా, పైన 35 రూపాయల యూజర్ ఛార్జీ. కోర్టు చుట్టూ తిరిగితే ఒక పూట కూలి పోతది. 2023 డిసెంబరులో తెలంగాణల టూవీలర్ల పెండింగ్ చలానాలకు 80 శాతం తగ్గించిన్రు, మళ్లీ అట్ల వచ్చేదాకా ఆగితే సరి.

పాత ఫైలు: మళ్లీ వస్తుందని ఎవరు రాసిచ్చారు? రాయితీలో కట్టినా తప్పు ఒప్పుకున్నట్టే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 200 (డబ్బు కట్టి కేసు ముగించుకునే సెక్షన్) కింద కేసు అక్కడితో మూతపడుతుంది. కట్టేసి వాపసు అడగడమే అందరూ చేసే పొరపాటు.

ప్లేటు చూడు: సులువుగా గెలిచేది నంబరు తప్పు పడిన కేసు. 3ని 8గా కొడితే ఎవరిదో స్కూటీ చలానా మీ కారు మీదికొస్తుంది. ఫొటోలోని మోడల్, రంగు ఆర్‌సీతో పోల్చి, రెండూ జతచేసి సైటులోనే ఫిర్యాదు పెట్టండి.

అమీర్‌పేట గల్లీ: ఫొటోలో ప్లేటు తప్ప ఇంకేం లేకపోతే?

పాత ఫైలు: అదీ అసలు పాయింటు. ఇలా రాయండి: "ఫలానా చలానా ఫొటోలో రోడ్డు గానీ బోర్డు గానీ కనిపించడం లేదు. అక్కడ పార్కింగ్ నిషేధమని చూపే ఫొటో ఇవ్వగలరు, లేదా చలానా రద్దు చేయగలరు." ఆ వీధి రెండు చివరల నుంచీ వీడియో తీసి ఉంచండి. బోర్డు ఫ్లెక్సీ వెనకో చెట్టు కొమ్మల్లోనో ఉంటే డ్రైవరు కళ్ల ఎత్తు నుంచి తీయండి, పైకెత్తి కాదు. నీలం గుండ్రం మీద ఎర్రగీత ఒకటుంటే పార్కింగే వద్దని, రెండు గీతలు ఇంటూ గుర్తులా ఉంటే కాసేపు ఆపడం కూడా వద్దని. రెండోదైతే "రెండు నిమిషాలే ఆపా" అనే వాదన వదిలేయండి.

చిల్లర లెక్క: ప్లేటు తప్పయితే ఒప్పుకుంటా. బోర్డు పంచాయితీ మాత్రం తీరికున్నోళ్లకే.