సెల్ఫ్ డ్రైవ్ కారు క్యాన్సిల్ చేస్తే సగం అద్దె పట్టుకుంటారట, ఏం చేయాలి?

ప్రశ్న

అందరికీ నమస్తే. ఇంటిల్లిపాదీ శ్రీశైలం వెళ్దామని శనివారం పొద్దున ఆరింటికి హైదరాబాద్‌లో సెవెన్ సీటర్ బుక్ చేశాను. నిన్న రాత్రి కరీంనగర్‌లో మా అత్తగారు బాత్రూమ్‌లో జారిపడ్డారు, తుంటి ఎముక విరిగింది, రేపు ఆపరేషన్. ఉన్నపళంగా జేబీఎస్‌లో బస్సెక్కి వచ్చేశాం. ఇప్పుడు యాప్‌లో క్యాన్సిల్ నొక్కబోతే అద్దెలో సగం పోతుందని చూపిస్తోంది. చాట్‌లో ఎన్నిసార్లు అడిగినా "పాలసీ ప్రకారం సార్" అనే ఒక్క మాటే. డిపాజిట్ కూడా వాళ్ల దగ్గరే ఉంది. ఇక్కడ ఆస్పత్రిలో మందులకీ రిపోర్టులకీ తిరగడమే సరిపోతోంది, మధ్యలో ఈ టెన్షన్ ఒకటి. కారు తీసుకోకుండా అలాగే వదిలేస్తే ఏమవుతుంది?

జవాబు 1

వదిలేయకండి సార్. వెళ్లకపోతే నో-షో కింద రాసేసి, మామూలుగా మొత్తం అద్దె పట్టుకుంటారు. టైమ్ దగ్గరపడేకొద్దీ కోత పెరుగుతుంది కాబట్టి ఇవాళే తేల్చేయండి. ముందు బుకింగ్ లోపలికి వెళ్లి తేదీ మార్చుకునే ఆప్షన్ ఉందేమో చూడండి, చాలా యాప్‌లలో ఉంటుంది, అద్దె తేడా ఉంటే కట్టాలి అంతే. ఒకసారి క్యాన్సిల్ నొక్కాక మార్చమని అడిగినా చాలావరకు వినరు.

జవాబు 2

ఎవరైనా ఫ్రెండ్‌కి ఇచ్చేద్దాం అనుకునేరు, లైసెన్స్ ఎవరిది అప్‌లోడ్ చేస్తే వాళ్లే వెళ్లి తీసుకోవాలి. మా తమ్ముణ్ణి పంపితే ఫొటో కలవలేదని తాళమే ఇవ్వలేదు. ఇంకో సంగతి, బుకింగ్‌లో 'ట్రిప్ ప్రొటెక్షన్' తీసుకుని ఉంటే దాన్ని చూసి ఆశ పెట్టుకోకండి, అది ఎక్కువగా కారుకు దెబ్బ తగిలితే పనికొచ్చేదే.

జవాబు 3

అద్దె, డిపాజిట్ రెండూ కలిపి మాట్లాడకండి. షరతులకు ఒప్పుకుని టిక్ పెట్టాం కాబట్టి అద్దె విషయంలో వాళ్ల దయ. అడ్మిషన్ కాగితం ఫొటో తీసి, ఆధార్ నంబర్ లాంటివి కనపడకుండా చేసి, మెయిల్ పెట్టి మర్యాదగా అడగండి, చాట్‌లో ఉన్నవాళ్లకు ఇచ్చే అధికారం ఉండదు. డిపాజిట్ అలా కాదు. కారే తీసుకోలేదు, అది పూర్తిగా వెనక్కి రావాలి. కోత ఎంత చూపిస్తోందో ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసుకోండి. నాన్చితే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు.

దయచేసి కస్టమర్ కేర్ నంబర్ గూగుల్‌లో వెతక్కండి. రిఫండ్ ఇస్తామని ఏదో యాప్ దించుకోమనో, యూపీఐ పిన్ కొట్టమనో అంటే దొంగలే. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.

అడిగినవారు

తేదీ మార్చే ఆప్షన్ ఉందండీ, ఎక్కడో కింద ఉంది. వచ్చే నెలకు మార్చాను, కొంచెం తేడా కట్టమంది, కట్టేశాను. డిపాజిట్ మళ్లీ కట్టమంటారా?

జవాబు 1

కొత్త బుకింగ్‌లో డిపాజిట్ కట్టినట్టు కనిపిస్తే అక్కర్లేదు, లేకపోతే మెయిల్‌లో రాయించుకోండి. అన్నట్టు, ఈసారి రాత్రి బయల్దేరే ప్లాన్ పెట్టుకోకండి, శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు అడవిలోకి వదలరు. అత్తగారికి ఎలా ఉందో చెప్పండి.