గడియారం చూసి లేచిపోయే పిల్లవాడికి పని మీద శ్రద్ధ లేదని అనవచ్చా?

ప్రశ్న: వైండింగ్ కొట్టు, అనంతపురం

నాకు అనంతపురంలో బోరు మోటార్ల వైండింగ్ కొట్టు ఉంది, అంటే కాలిపోయిన మోటారులో రాగి తీగను కొత్తగా చుట్టి ఇస్తాను. వయస్సు యాభై నాలుగు. 1984లో, పదమూడేళ్ళప్పుడు, ఏడో తరగతి మధ్యలో బడి మాని గుంతకల్లులో ఒక మేస్త్రీ దగ్గర చేతి కింద చేరాను. మొదటి ఏడాదంతా కాలిపోయిన తీగను పీకడం, కొట్టు ఊడ్వడం, టీ తేవడం తప్ప మరో పని చెప్పలేదు. కొత్త రాగి తీగను ముట్టుకోనిచ్చింది మూడో ఏట. రెండేళ్ళ పాటు మధ్యాహ్నం అన్నం తప్ప కూలి లేదు. అది అన్యాయమని నాకప్పుడు తోచలేదు, పని అలాగే వస్తుందనుకున్నాను.

ఇప్పుడు నా దగ్గర పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు ఒకడున్నాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు పూర్తి చేసి ఆరు నెలల కిందట చేరాడు. చేయి మంచిది, కనెక్షన్ బొమ్మ చూసి నాకంటే త్వరగా అర్థం చేసుకుంటాడు. అయితే సాయంత్రం ఆరయితే, ఏ పని ఏ దశలో ఉన్నా చేతులు కడుక్కొని వెళ్ళిపోతాడు. మొన్న ఒక చీనీ (బత్తాయి) రైతు మోటారును ఆటోలో వేసుకొని వచ్చాడు. బోరులో దిగే మోటారు లోపల నీళ్ళే నిండి ఉంటాయి కాబట్టి దానికి ప్లాస్టిక్ పూత ఉన్న తీగ వాడి, ఒక్కొక్క చుట్టునూ స్లాటులోనుంచి, అంటే మోటారు లోపలి గాడిలోనుంచి, చేత్తోనే లాగాలి. ఎక్కడ ఒక చుట్టు లెక్క తప్పినా మోటారుకు కరెంటు తెచ్చే మూడు ఫేజుల మధ్య తేడా వచ్చేస్తుంది. సగం స్లాట్లు నిండేసరికి ఆరయింది. 'రేపు పొద్దున వచ్చి చేస్తానన్నా' అని వాడు వెళ్ళిపోయాడు. రైతు బయట బల్ల మీద కూర్చునే ఉన్నాడు. వ్యవసాయానికి కరెంటు వచ్చే తొమ్మిది గంటలలో పొద్దుటి వేళ పోతే ఆ రోజు తోటకు తడి లేనట్టే. మన జిల్లాలో చీనీ చెట్టు ఎండితే పోయేది ఒక్క ఏటి పంట కాదు, ఏళ్ళ తరబడి పెంచిన చెట్టే పోతుంది. రాత్రి పన్నెండు దాకా నేనొక్కడినే కూర్చొని ముగించాను.

ఇంటికి వెళ్ళి ఈ సంగతి చెబితే, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి, 'పన్నెండు దాకా కూర్చున్నందుకు నీకు ఎవరైనా ఎక్కువిచ్చారా నాన్నా?' అని అడిగాడు. వాడు ఎగతాళిగా అడగలేదు, తెలుసుకోవాలనే అడిగాడు. నాకు జవాబు తట్టలేదు. పని మీద మాకున్న శ్రద్ధ ఈ పిల్లలకు ఎందుకు రావడం లేదు? లేక నేను చూడవలసినది చూడడం లేదా? పిల్లలతో పని చేయిస్తున్నవారూ, వారికి చదువు చెబుతున్నవారూ మనసు విప్పి చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: అధ్యాపకురాలు, కర్నూలు

అయ్యా, మీరు అడిగిన తీరులోనే నిజాయితీ ఉంది కాబట్టి నేనూ ఉన్నదున్నట్టు చెబుతాను. పదిహేనేళ్ళుగా జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. మీరు సోమరులనుకునే ఈ వయసు పిల్లలు తెల్లవారుజామున ఐదున్నరకు లేచి, రాత్రి పది దాటే దాకా పుస్తకాల ముందు కూర్చుంటున్నారు. హాస్టళ్ళలో అయితే ఆదివారం కూడా పరీక్షే. రోజుకు అన్ని గంటలు మీరూ నేనూ పదహారేళ్ళప్పుడు ఒకే చోట కూర్చోలేదు. కానీ ఆ శ్రమ చేతులకు మసి అంటించదు కనుక మనం దాన్ని పనిగా లెక్క వేయడం లేదు.

గడియారం చూడడం వాళ్ళకు నేర్పింది మనమే. గంట కొడితే ఒక పాఠం ఆపాలి, ఇంకో గంట కొడితే ఇంకోటి మొదలుపెట్టాలి, లెక్క సగంలో ఉన్నా సరే పుస్తకం మూయాలి. పన్నెండేళ్ళ చదువులో ఒక పనిని మొదటినుంచి చివరి దాకా తమదిగా చేసి, దాని ఫలితాన్ని కళ్ళతో చూసిన అనుభవం వాళ్ళలో ఎక్కువమందికి ఒక్కసారి కూడా కలగదు. అలా పెరిగినవాడికి మీ మోటారు కూడా ఆరింటికి ముగిసే పీరియడుగానే కనిపిస్తుంది.

ఇంకొక మాట చెప్పక తప్పదు. మా ఊరు నంద్యాల దగ్గర. పన్నెండేళ్ళ వయసులో నేను పత్తి విత్తన చేలలో క్రాసింగు పనికి వెళ్ళాను. సాయంత్రం పూట మొగ్గలలోని పుప్పొడి భాగాన్ని గోటితో గిల్లి తీసేసి, మరునాడు ఉదయం ఇంకో రకం పువ్వు పుప్పొడిని ఒక్కొక్క మొగ్గకూ రుద్దాలి. మా వేళ్ళు సన్నగా ఉంటాయని, పెద్దవాళ్ళకంటే తక్కువ కూలికి వస్తామని, ఎదురు చెప్పమని ఆడపిల్లలనే ఎక్కువగా పిలిచేవారు. మందు కొట్టిన చేలోనే అన్నం తినేవాళ్ళం. మా ఈడు పిల్లలు కొందరు ఆ సీజనులో మానిన బడికి మళ్ళీ రాలేదు. మేము ఎంత క్రమశిక్షణతో పని చేసేవాళ్ళమో ఊళ్ళో పెద్దలు ఇప్పటికీ మెచ్చుకుంటూ చెబుతారు. విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే అది శ్రద్ధ కాదు, ఇంకో దారి లేకపోవడం. 2009 నాటి విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ళ దాకా బడిని హక్కు చేసింది, 2016 సవరణ పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను కూలికి పెట్టుకోవడాన్ని అన్ని వృత్తులలోనూ నిషేధించింది. పద్దెనిమిది లోపు వాళ్ళను గనుల వంటి ప్రమాదకరమైన పనులలోకి తీసుకోకూడదని కూడా చెప్పింది. ఆ మార్పు వల్ల పిల్లలు పనికి ఆలస్యంగా వస్తున్నారు, చేయి తిరగడమూ ఆలస్యమవుతుంది. దానికి వాళ్ళను తప్పు పట్టడం న్యాయం కాదు. మీ మేస్త్రీ దగ్గర మీకు వచ్చిన పని ఆ రెండేళ్ళ జీతం లేని చాకిరీ వల్ల వచ్చిందా, లేక మూడో ఏట తీగ చేతికిచ్చి ఆయన పక్కన కూర్చోబెట్టుకోవడం వల్ల వచ్చిందా? దయచేసి ఆలోచించండి.

జవాబు: మగ్గం మనిషి, ధర్మవరం

అమ్మ చెప్పినదానిలో చాలా వరకు ఒప్పుకుంటాను, కానీ ఒక్క దగ్గర ఆగుతాను. చేతి పనిలో గంటలకు లెక్క ఉంది. నేను ఎనిమిదేళ్ళప్పుడు కండెలు చుట్టడంతో మొదలుపెట్టి, నలభై ఐదేళ్ళు గుంట మగ్గం మీద పట్టు చీర నేసినవాణ్ణి. పడుగులో, అంటే నిలువు పోగులలో, ఒక పోగు తెగితే చూడకముందే చేతికి తెలుస్తుంది, ఎందుకంటే నేత బిగించే పలక కొట్టినప్పుడు చప్పుడు మారుతుంది. ఇది పుస్తకంలో లేదు, ఎవరూ నోటితో చెప్పగలిగినదీ కాదు. మగ్గం మీద కూర్చున్న కాలమే నేర్పుతుంది. పిల్లవాడు అంత కాలం కూర్చోకపోతే ఆ చెవి రాదు. ఆ నష్టం నిజమైనది, దాన్ని లేదనుకోవద్దు.

ఇక నా ఇంటి సంగతి. మా చిన్నవాడు పదిహేడేళ్ళప్పుడు మగ్గం గుంటలో నాలుగు గంటలు కూర్చోలేకపోయేవాడు. నడుము నొప్పి అనేవాడు, ఫోను చూసేవాడు. వాడు పనికి పుట్టలేదని నలుగురిలోనూ అన్నాను. ఇప్పుడు పెనుకొండ దగ్గరి కార్ల కర్మాగారానికి విడిభాగాలు చేసే కంపెనీలో షిఫ్టు పని చేస్తున్నాడు. తెల్లవారి నాలుగున్నరకు లేచి బస్సు అందుకుంటాడు, లైను మీద నుంచి నిమిషం కదలడు, రెండేళ్ళలో సెలవు పెట్టింది వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఈ ఓపిక ఇంట్లో ఎందుకు లేదురా అని ఒకరోజు అడిగాను. 'అక్కడ ఒకటో తేదీకి ఎంత వస్తుందో నాకు తెలుసు. ఇక్కడ చీర దింపాక షావుకారు ఏ వంక పెట్టి ఎంత కోస్తాడో నీకే తెలియదు' అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. నేను చూపిన శ్రద్ధ నిజమైనదే, అయితే దాని విలువ మా ఇంటికి రాలేదని వాడు పసితనం నుంచి చూస్తూ పెరిగాడు. పిల్లలు మన ఉపదేశం వినరు కానీ మన బతుకును మాత్రం బాగా గమనిస్తారు.

మీ కుర్రవాడికి ఒక మోటారును పూర్తిగా అప్పగించి చూడండి. బాగుంటే వాడి పేరు చెప్పండి, చెడిపోతే మళ్ళీ వాడి చేతే చుట్టించండి. మా వాళ్ళలో మగ్గం అప్పగించిన రోజునే పిల్లవాడు పెద్దవాడయ్యేవాడు, అంతకుముందు ఎంత వయసు వచ్చినా కండెలు చుట్టే పిల్లవాడే.

జవాబు: చీనీ రైతు, తాడిపత్రి వైపు

నాకు కావలసినది ఒకటే: చెప్పిన వేళకు మోటారు అందాలి. రెండేళ్ళ కిందట ఒక కొట్టులో రాత్రంతా కూర్చొని, నిద్రమత్తులోనే చుట్టి ఇచ్చిన మోటారు నెల తిరగకముందే కాలిపోయింది. బోరులోనుంచి పైపులన్నీ ఎత్తి, మళ్ళీ దించడానికి కూలి రెండోసారి నేనే కట్టుకున్నాను. ఉదయం పది గంటలకు ఇస్తామని చెప్పి పదికే ఇచ్చేవారుంటే, రాత్రి మీరు పడుకున్నా నాకు అభ్యంతరం లేదు.

జవాబు: డిప్లొమా విద్యార్థి, కడప

పెద్దలందరికీ నమస్కారం. నా వయసు పంతొమ్మిది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చివరి సంవత్సరంలో ఉన్నాను, సెలవులలో ఒక పంపుల మరమ్మతు కొట్టులో పని చేస్తాను. ప్రశ్నలో ఉన్న కుర్రవాడి స్థానంలో నేనూ ఉన్నాను కనుక, తప్పుగా అనుకోరనే నమ్మకంతో రాస్తున్నాను.

ముందుగా ఆరు గంటల సంగతి. అతను ఏ ఊరినుంచి వస్తాడో మీరు రాయలేదు. మా ఊరికి కడప నుంచి చివరి బస్సు ఏడింటికి. అది పోతే ఎవరి బండి మీదనో చేయి ఎత్తి వెళ్ళాలి, అందువల్ల మొదటి నెలలో నేనూ గడియారం చూస్తూనే ఉన్నాను. మా యజమాని అది బద్ధకమనుకొన్నారు. అడగవలసింది ఆయన, చెప్పవలసింది నేను, ఇద్దరమూ మాట్లాడుకోలేదు. ఇక కూలి విషయం. వారానికి 48 గంటల పని, అంతకు మించి చేస్తే రెట్టింపు కూలి అనేది 1948 కర్మాగారాల చట్టం నాటినుంచీ ఉన్న సూత్రం. మీ చిన్న కొట్టుకు అది వర్తించకపోవచ్చు, అయినా ఐటీఐలోనూ పాలిటెక్నిక్‌లోనూ మాకు ఆ పాఠం చెబుతారు. దాన్ని చదివి వచ్చినవాడు వేళ గురించి పట్టింపుగా ఉంటే అది పని మీద అగౌరవం కాదు. తన సమయానికీ విలువ ఉందని నేర్చుకున్నాడు, అంతే.

కానీ నన్ను మార్చింది కూలి కాదు. ఒకసారి మా యజమాని పులివెందుల వైపు ఒక అరటి తోటకు మోటారు దించడానికి నన్ను వెంట తీసుకువెళ్ళారు. కొట్టులో ఆ మోటారు నాకు తీగలూ స్లాట్లూ మాత్రమే. అక్కడ గెలలు వేసిన చెట్ల ఆకులు వాలిపోయి ఉన్నాయి. ఆ ఇంటి అవ్వ బోరు పక్కనే చాప వేసుకొని కూర్చుంది. పైపులన్నీ దించి స్టార్టరు నొక్కిన తరువాత, మొదట గాలి, ఆపైన ఎర్రటి బురద నీళ్ళు, ఆ తరువాత తేట నీళ్ళు వచ్చాయి. అవ్వ ఆ నీళ్ళు దోసిట్లో పట్టుకొని నా తల మీద చల్లింది. అప్పుడు రాత్రి తొమ్మిదయింది, చివరి బస్సు వెళ్ళిపోయిందన్న సంగతి తిరిగి వచ్చేదాకా నాకు గుర్తుకు రాలేదు.

అన్నా, రైతు మీతోనే మాట్లాడతాడు, తన కష్టం మీకే చెప్పుకుంటాడు. బల్ల వెనుక తీగ లాగుతున్న పిల్లవాడికి ఆ తోట కనిపించదు. మీకు రాత్రి నిద్ర పట్టనివ్వని కారణమేదో అతనికి చేరనే లేదు. అది చేరకుండా శ్రద్ధ మాత్రం చేరాలంటే ఎలా?

ప్రశ్న అడిగినవారు: వైండింగ్ కొట్టు, అనంతపురం

ఇరవై రోజుల తరువాత రాస్తున్నాను. అందరికీ కృతజ్ఞతలు.

కడప తమ్ముడు చెప్పినట్టు ముందు అడిగాను. మా కుర్రవాడిది బుక్కరాయసముద్రం అవతల పల్లె. బస్సు ఇబ్బంది లేదు. వాళ్ళ నాన్నకు పక్షవాతం వచ్చి ఏడాదయింది. సాయంత్రం ఆయనకు స్నానం చేయించి అన్నం పెట్టవలసింది వాడే, ఎందుకంటే వాళ్ళమ్మ ఆ వేళకు ఇంకా కూలి నుంచి తిరిగి రాదు. ఆరు నెలలుగా నా పక్కన కూర్చున్న పిల్లవాడి ఇంటి సంగతి నాకు తెలియకపోవడం నా తప్పు. దీనికి నేను సిగ్గుపడుతున్నాను.

తరువాతి వారం ఒక మోటారును వాడికే వదిలేశాను. వేళ గురించి కూడా మాట్లాడుకున్నాం. సాయంత్రం ఆరుకే వెళ్తాడు, అవసరమైన రోజున ఉదయం ఆరుకే వస్తాడు, ఆ అదనపు గంటలకు కూలి విడిగా ఇస్తాను. ధర్మవరం పెద్దాయన చెప్పిన చెవి, చేయి అలా రావడానికి ఎక్కువ ఏళ్ళు పడుతుందని నాకిప్పటికీ బెంగ ఉంది, అది దాచను. మా అబ్బాయికి మాత్రం ఇంకా జవాబు చెప్పలేదు. ఈ ఆదివారం వాడిని కూడా వెంటబెట్టుకొని ఒక తోటకు వెళ్ళాలని అనుకుంటున్నాను.

వాడు చుట్టిన మోటారును గార్లదిన్నె దగ్గర దించినప్పుడు తీసుకువెళ్ళాను. నీళ్ళు పడ్డాక వాడు ఏమీ మాట్లాడలేదు. మరునాడు నేను కొట్టు తెరిచేసరికి లెక్కల పుస్తకంలో ఒక కొత్త పేజీ రాసి ఉంది. రైతుకు తనే ఫోను చేసి, మూడు ఫేజులలోనూ మోటారు ఎన్ని ఆంపియర్లు తీసుకుంటున్నదో మీటరు చూసి చెప్పమని అడిగి, ఆ మూడు అంకెలనూ తేదీ వేసి రాసి పెట్టాడు.