మిసెస్ మిల్లర్ పాటలు విన్నవాళ్లున్నారా?

పాతరికార్డులు
పాత ఎల్పీల షాపులో ఒక అమెరికన్ రికార్డు దొరికింది. 1966లో కాపిటల్ కంపెనీ వేసింది, పాడింది ఎల్వా మిల్లర్. మొదటి ఆల్బమ్‌కే 'గ్రేటెస్ట్ హిట్స్' అని పేరు పెట్టారు! గొంతు బాగా వణుకుతుంది, తాళానికి ముందో వెనకో పడుతుంది. 'డౌన్‌టౌన్' పాట మధ్యలో మాటలు మర్చిపోయినట్టు నవ్వేస్తారు కూడా. అయినా మనసు పెట్టి పాడారనే నాకు అనిపించింది. ఈవిడ గురించి తెలిసినవాళ్లు చెప్పండి.

కాలిఫోర్నియా_వాణి
మేముండేది క్లేర్‌మాంట్ దగ్గరే. ఆవిడదీ ఆ ఊరే. 1907లో మిస్సోరీలో పుట్టారు, ఇక్కడి పొమోనా కాలేజీలో సంగీతం చదువుకున్నారు. చర్చిలో పాడేవారు, సొంత డబ్బుతో రికార్డింగులు చేయించుకునేవారు. ఆవిడ పాటకు పక్కన వాద్యం వాయించే ఫ్రెడ్ బాక్ కొత్త పాటలు కూడా పాడమని ప్రోత్సహించారు. కాపిటల్ ఆల్బమ్ వచ్చేసరికి అరవైకి దగ్గరపడ్డారు.

ఈలపాట
ఈల వినండి! నోట్లో ఐసు ముక్కలు పెట్టుకుని వేసేవారట. ఆల్బమ్ మూడు వారాల్లో 2,50,000 కాపీలు అమ్ముడుపోయింది. అమెరికా పాటల ర్యాంకుల జాబితా బిల్‌బోర్డ్‌లో 'డౌన్‌టౌన్' 82వ స్థానం దాకా, 'ఎ లవర్స్ కన్సర్టో' 95వ స్థానం దాకా వెళ్లాయి. 1967లో 'ది కూల్ వన్స్' సినిమాలోనూ కనిపించారు. ఆ తర్వాత జనం త్వరగానే మర్చిపోయారు.

హార్మోనియం_మాస్టారు
నేను చాలాకాలం మా చర్చి క్వయర్‌కు పాటలు నేర్పాను. ఈవిడ తర్వాత చెప్పిన ఒక విషయం చదివి బాధేసింది. స్టూడియోలో కావాలనే తనకు అర బీటు ముందో వెనకో చేత్తో తాళం చూపించేవారనీ, బాగా రాని టేకులే రికార్డులో పెట్టారనీ అన్నారు. క్వయర్‌లో పాడినవాళ్లకు తెలుసు, గొంతు ఎలా ఉన్నా కళ్లు మాత్రం నడిపించేవాళ్ల చేతి మీదే ఉంటాయి. ఆ చెయ్యే తప్పుదారి పట్టిస్తే పాడే మనిషి ఏం చేస్తారు? అంత వయసావిడకు అలా చేయడం చాలా అన్యాయం.

ఈలపాట
మాస్టారూ, ఆ వణుకు మాత్రం ఆవిడదే కదండీ. దానికి కంపెనీని ఎలా అంటాం?

హార్మోనియం_మాస్టారు
వణుకు ఆవిడదే, ఒప్పుకుంటాను. పాత పద్ధతిలో నేర్చుకున్న గొంతు అది, భక్తి గీతాలకు బాగానే సరిపోతుంది. నేనంటున్నది తాళం గురించి.

కాలిఫోర్నియా_వాణి
కాపిటల్‌ను వదిలాక కూడా పరిస్థితి మారలేదండీ. 1968లో అమరెట్ అనే చిన్న కంపెనీ ఆవిడతో మత్తుమందుల ప్రస్తావన ఉన్న పాటలు పాడించింది. 70ల మొదట్లో సొంతంగా కొన్ని సింగిల్స్ వేసుకుని విరమించుకున్నారు. 1997లో చనిపోయారు.

పాతరికార్డులు
అందరికీ థాంక్స్. ఆ సొంత సింగిల్స్ ఎవరి దగ్గరైనా ఉన్నాయా? కాపిటల్ రికార్డు పక్కన పెట్టి తాళం పోల్చి వినాలని ఉంది. మాస్టారూ, దొరికితే మీకూ ఆడియో పంపిస్తాను.