తాడి తన్నువాని తలదన్నువాడు: ఈ ‘ద’ ఎక్కడిది, ఈ ‘వాని’ ఎవ్వనిది?

పానగల్లు: అందరికి నమస్తే. ఒక పాదం పట్టుకొని ఇడుస్తలేదు. “తాడి తన్నువాని తలదన్నువాడుండు”. సామెతగ అందరికి ఎరికే, కానీ మా బడిల సారు దీన్ని పద్యం లెక్క రాగం తీసి చదివినట్టు నాకు యాది, కింద ఇంకా మూడు పాదాలు ఉండె, అవే వస్తలేవు. ఎవరికన్న నోటికి ఉంటే పెట్టుండ్రి. ఇంకోటి, మా దిక్కు కల్లు గీత పనోళ్లు దీన్ని ‘వాని’ లేకుండ అంటరు, “తాడి దన్నెటోడుంటే తల దన్నెటోడుంటడు” అని. ఏది అసలుది?

గణయతి: ఇందుల అనుమానమేంది, నికార్సైన ఆటవెలది పాదం. తాడి, తన్ను, వాని మూడు హగణాలు (గురువు, లఘువు). తలదన్ను సలం (రెండు లఘువులు, గురువు, లఘువు), వాడుండు తగణం (రెండు గురువులు, లఘువు). యతి తా–త. ఇంత సాఫుగ సామెత దానంతట అది పడదు, ముందు పద్యమే, జనం నోట్ల పడి సామెత అయింది. ‘వాని’ తీస్తే పాదం కుంటుతది, కాబట్టి ‘వాని’ అసలుదే. నన్నడిగితే వేమనే.

నడిగడ్డ: ఆటవెలది కనపడంగనే వేమన ఖాతాల రాసుడు మనకు అలవాటు అయిపోయిందన్నా. మకుటం తగిలిస్తే కిరాణం చిట్టీ కూడ వేమన పద్యమే అయితది. తాటిచెట్టు వచ్చింది కదా అని నువ్వు “తాటిక్రింద పాలు త్రాగిన చందమౌ” తోటి కలుపుకుంటున్నవేమో చూస్కో. అది వేమనది, నేనొప్పుకుంట. ఇది ఆ పద్యానికి సుట్టం కాదు.

గణయతి: 1829ల బ్రౌన్ దొర అచ్చేసిన వేమన పద్యాల తర్వాత ఎన్ని సంపుటాలు వచ్చినయో నీకు ఎరికే. ఒకదాంట్ల లేకుంటే ఇంకోదాంట్ల ఉంటది.

నడిగడ్డ: అందుకే అంటున్న, ఉన్నదాని నంబరు చెప్పు.

తెనాలి అల్లుడు: నమస్కారం అండి, నల్లగొండ అల్లుణ్ని కాబట్టి నాకూ హక్కు ఉంది. మీరంతా ‘వాని’ దగ్గర ఆగిపోయారు, నా అనుమానం ‘ద’ మీద. ‘తాడి తన్ను’ దగ్గర త అలాగే ఉండి, ‘తల దన్ను’ దగ్గర ద ఎందుకు అయ్యింది? తలను తన్నడం కాబట్టి ద్రుతం (చివరి న) మీద సరళాదేశం (త ద కావడం), రాసేటప్పుడు అరసున్న ఉండాలి, తలఁ దన్ను. మరి అదే లెక్కన తాడిని తన్నడం కూడా తాడిఁ దన్ను కావాలి కదా. ఒకే పాదంలో ఒకే క్రియకి రెండు న్యాయాలా?

గణయతి: తాడి జడం కదా సార్. జడానికి ద్వితీయ బదులు ప్రథమ వస్తది, బాలవ్యాకరణంల చిన్నయ సూరిగారే అన్నరు. అప్పుడు ద్రుతం లేదు, త అట్లనే ఉంటది.

తెనాలి అల్లుడు: తల మాత్రం జడం కాదా?

గణయతి: కొందరిది జడమే.

తెనాలి అల్లుడు: సరే, నవ్వాను. కానీ తలనీ ప్రథమే అనుకుంటే అక్కడ గసడదవాదేశం (ప్రథమ తర్వాత క గ, త ద లాంటి మార్పు) పట్టుకోవాలి, ‘వాఁడు గొట్టె’ లాగా. అది బహుళం కాబట్టి ఒక చోట చేసి ఒక చోట మానుకోవచ్చు, గొడవ లేదు. అయితే అరసున్న ఎగిరిపోతుంది. అంటే ఈ పాదంలో అరసున్న ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న, అది తేలితే తల ద్వితీయో ప్రథమో తేలుతుంది.

నడిగడ్డ: అరసున్న పలకదు, గణంల లెక్కకు రాదు, అచ్చుల కూడ పోయింది. ఇక దాని కోసం పంచాయితీ ఎవరు చెప్పాలె.

మోత్కూరు: మీరందరు కింద నిలబడి మాట్లాడుతుండ్రు, కోపం చేసుకోకుండ్రి. మా తాత, మా నాయిన, మా చిన్నాయిన గీసినోళ్లే, నేను కూడ డిగ్రీ అయ్యేదాక సెలవులల్ల ఎక్కిన. తాడి తన్నుడు అంటే గుద్దుడు కాదు. కాళ్లకు గుజి (కాళ్ల కట్టు) ఏస్కొని మోకు (ఎక్కే తాడు) మాను సుట్టు తిప్పి నడుముకు తెచ్చుకుంటరు. ఎనుకకు ఒరిగి మోకు బిగిస్తే కాళ్లు మీదికి గుంజుకోవచ్చు, కాళ్లతోటి మాను తన్నిపడితే మోకు సదలయి మీదికి జరుగుతది, ఒకటి ఇడిసినప్పుడు రెండోది పట్టుండాలె, అంతే ఇద్య. అంటే తాడి దన్నెటోడు అంటే ఎక్కెటోడు. మరి తల దన్నెటోడెవరు? తల అంటే మనిషి తల కాదు, తాటి తల, మట్టలున్న కాడ. అరవై డెబ్బై అడుగులు మాను ఎక్కుడు చాలమందికి వస్తది, మా దోస్తులు పందెం కట్టి ఎక్కెటోళ్లు, కానీ తల కాడికి పోయినంక కమ్మల పక్క తప్పించుకుంట, మట్ట కరుకు తొడకు తాకకుండ, మట్ట మీద కాలు తన్నిపట్టి నిలబడి రెండు చేతులు ఇడిసి కత్తి పట్టుకునుడు ఉంటది చూడు, అది పనోనికే వస్తది. ఎక్కెటోడుంటే వాని మీద పనోడుంటడు. ‘వాని’ అనేది సదువుకున్నోళ్లు చెట్టు తలను మనిషి తల చేసిన కాడ పెట్టింది.

పానగల్లు: ఇది నాకు నచ్చింది. మా దిక్కు ‘వాని’ ఎందుకు లేదో జవాబు దొరికినట్టే ఉంది.

గణయతి: నచ్చుడు వేరు, నిలబడుడు వేరు తమ్మీ. తన్నిపట్టు అనే అర్థంల ఒట్టి ‘తన్ను’ ఎక్కడన్న చూపెట్టు. పట్టు లేకుంటే తన్ను అంటే తన్నే.

మోత్కూరు: మా ఇంటికి రా అన్నా, చూపెడుత.

కృష్ణ ఒడ్డు: తోటల శాఖల చేసి రిటైరైనోణ్ని, వ్యాకరణం నాకు రాదు. మోత్కూరు తమ్ముడు చెప్పింది ముచ్చటగ ఉన్నది కానీ తాటితోటి బతికెటోడు తల తన్నుడు అనే మాట మెచ్చుకోలుగ అంటడా అని నా అనుమానం. తాటికి పెరిగే మొగ్గ ఒక్కటే, మొవ్వుల ఉంటది, అది దెబ్బతింటే చెట్టు సచ్చినట్టే. వేపకు చింతకు కొమ్మలు కొట్టినా పక్కన ఇగుర్లు ఏస్తది, గాయం సుట్టు పొర పెరిగి మూసుకుంటది. తాటి, ఈత జాతికి ఆ మూసుకునే గుణం లేదు. ఈతకు మాను మీదనే గీస్తరు కదా, ఒక ఏడు ఇటు, మరో ఏడు అటు, ఆ గాట్లు మెట్ల లెక్క చెట్టు ఉన్నన్ని రోజులు కనపడుతనే ఉంటయి. అసొంటి చెట్టు తలను తన్నుడు అంటే తిట్టయితది.

మోత్కూరు: సార్, తాటికి తల మేం ముట్టుకోం. గెల కొసలు చెక్కుతం, పోతుతాడైనా పండుతాడైనా, పూటపూటకు పల్సగ ఒక్క చెక్కు. మొవ్వుకు కత్తి తగిలిచ్చినోన్ని మా పెద్దలు మళ్ల చెట్టెక్కనియ్యరు. నేను నిలబడుడు గురించి చెప్తున్న.

మిర్యాలగూడ: తన్నుడు దొరికింది గణయతి అన్నా. మా బామ్మర్ది అమెరికాల చెట్ల పని చేసే కంపెనీల ఉంటడు, రెండు తాళ్లు, నడుముకు పట్టీ, గొలుసు రంపం, ఇదే పని. అక్కడ బూటుకు ఇనుప ముల్లు కట్టుకొని ఎక్కుతరు, ఆ ముల్లు మానుల దిగాలంటే నిజంగనే తన్నాలె. కాకపోతే బతకాల్సిన చెట్టుకు ముండ్ల బూటు వాడనియ్యరంట, కొట్టేసే చెట్టుకే, ముల్లు దిగిన కాడల్ల రోగం పడుతదని.

గణయతి: వేమన అమెరికా పోయి రాసిండని అంటవా ఏంది.

తెనాలి అల్లుడు: తల మీద కాలు అంటే నాకు బలి చక్రవర్తే గుర్తొస్తాడు. ఎత్తు గురించి తెలుగులో చెప్పాల్సింది పోతన ఎప్పుడో చెప్పేశాడు, మనం తాడి దగ్గర ఆగిపోయాం. “రవిబింబం బుపమింప” పద్యం చూడండి. వటుడు (వామనుడు) పెరుగుతుంటే సూర్యుడు ముందు గొడుగు, తర్వాత తలమీద మణి, చెవికి కుండలం, మెడలో నగ, భుజానికి కేయూరం, చేతికి కంకణం, నడుముకి గంట, కాలికి అందె, చివరికి పీట. సూర్యుడు కదలకుండానే కిందికి దిగిపోయాడు. వటుడు బ్రహ్మాండం నిండుతున్నాడన్న మాట చివర్లో గానీ రాదు.

మోత్కూరు: ఈ పద్యం మా సారు చెప్పినప్పుడు క్లాసుల నాకొక్కనికే నవ్వొచ్చింది. మబ్బుల, అంటే తెల్లారకముందే, ఎక్కితే మాకు అయ్యేదదే. చెట్టు మొదట్ల ఉన్నప్పుడు పొద్దు ఇంకా పొడువది, సగం మాను కాడికి పోయేసరికి ముఖం మీద ఎలుగు తాకుతది, తల కాడ లొట్టి దించుకుంట చూస్తే పొద్దు మోకాళ్ల కింద ఉన్నట్టు కనపడుతది, కింద మా గూడెం ఇంకా చీకట్లనే. నడుముకు గంట అన్నడు చూడు, మాకు అక్కడ కత్తులు.

గణయతి: పోతన ఓరుగల్లు పక్కనోడు, ఆయన ఊరు బమ్మెరల తాటిచెట్లు తక్కువా? చూసే ఉంటడు.

నడిగడ్డ: ఇప్పుడు పోతనను కూడ చెట్టెక్కిచ్చిండ్రు. శానా బాగుంది.

తెనాలి అల్లుడు: పోతన వైపు ఉదంచద్ఘంటయై, మోత్కూరు వారి వైపు కత్తులు, నాకు రెండూ ఇష్టమే. ఇంతకీ ఆ నడుముకి కట్టుకునేదాన్ని ఏమంటారు మీరు?

మోత్కూరు: ముత్తాదు. మోకు ముత్తాదు అని జంటగ అంటరు. ఇప్పుడు మా గీతోళ్ల దేవుడు కాటమయ్య పేరుతోటి సర్కారు ఇచ్చిన కిట్లు వచ్చినయి, 2024ల సురువైనయి, బెల్టు, తాడు, క్లిప్పులు. మోకు జారినా మనిషి యాలాడుతడు, కింద పడడు. మా చిన్నాయిన పడ్డప్పుడు ఇవి లేకుండె.

కృష్ణ ఒడ్డు: మంచి మాట.

నడిగడ్డ: ముత్తాదు కాదు, ముస్తాదు. ఉర్దూ ముస్తైద్, తయారుగ ఉన్నోడు అని. తయారై నడుం కట్టుకునేది ముస్తాదు. మనోళ్ల నోట్ల స పోయింది.

గణయతి: అన్నిటికి ఉర్దూ తగిలిస్తవు. ఇది అచ్చ తెలుగు. మూడు తాళ్లు, ముత్తాడు. ముప్పేట, ముక్కోటి, ముత్తెరగు లెక్క. చివర డ మెత్తబడి ద అయింది.

నడిగడ్డ: ఇంతసేపు త ద అయితే ఒప్పుకోలే, ఇప్పుడు డ ద అయితే ఒప్పుకోవాల్నా? ‘తాడు’ల డ తాడిల పోకపాయె, తాడేపల్లిల పోకపాయె, ఒక్క ముత్తాదులనే పోయిందా.

తెనాలి అల్లుడు: పైగా తాడు అంటే చెట్టూ అదే, పగ్గమూ అదే. ముత్తాడు అంటే మూడు తాటిచెట్లు అని ఎవరైనా అనొచ్చు.

గణయతి: మోత్కూరు తమ్మీ, మీ ఇంట్ల పాత ముత్తాదు ఉంటే అందుల ఎన్ని పేటలున్నయో లెక్కపెట్టి ఫొటో పెట్టు.

మోత్కూరు: పాతది చిన్నాయిన అటుక మీద ఉంది. కానీ అన్నా, మూడే ఉండాలె అని ముందే అనుకొని అడిగితే మూడే కనపడుతయి.

పానగల్లు: అడ్మిన్ సార్, ముత్తాదు ముచ్చట వేరే పోస్టుల పెడ్తరా, నేను అడిగిన మూడు పాదాలు కింద పడిపోతున్నయి.

నడిగడ్డ: ఆ మూడు పేటలు తేలనియ్యన్నా ముందు.