నిద్రలో పళ్ళు కొరుకుతున్నానట, మీలో ఎవరికైనా ఉందా?

నిజాంపేట నిశాచరుడు
మా ఆవిడ రెండు నెలల్నుంచి చెబుతూనే ఉంది, నేనే నమ్మలేదు. పోయిన ఆదివారం రాత్రి ఫోన్లో రికార్డు చేసి, పొద్దున కాఫీ చేతికిచ్చి మరీ వినిపించింది. రోట్లో రాళ్ళుప్పు నూరుతున్న చప్పుడు. అది నా నోట్లోంచే వస్తోందంటే ఒళ్ళు జలదరించింది.

వయసు 38. హైటెక్ సిటీలో ఉద్యోగం, అమెరికా వాళ్ళతో కాల్స్, పడుకునేసరికి ఒంటిగంట. లేవగానే రెండు కణతలూ పట్టేసి ఉంటాయి, పదిగంటలకల్లా నొప్పి దానంతటదే పోతుంది. ఇన్నాళ్ళూ సైనస్ అనుకుని ఆవిరి పట్టాను. మధ్యలో చెవిపోటు అని చూపించుకుంటే, చెవి శుభ్రంగా ఉంది, ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళండి అన్నారు. చెవికి పళ్ళ డాక్టరేంటని నవ్వుకుని ఊరుకున్నా. మొన్న చూసుకుంటే కింది దవడ పన్ను అంచు పెచ్చులేచి ఉంది.

పళ్ళ సంగతి అలా ఉంచండి. ఏడు గంటలు పడుకున్నా పడుకున్నట్టుండదు. మధ్యాహ్నం మీటింగుల్లో మగత, సాయంత్రానికి అందరిమీదా చిరాకు. ఆవిడ పాపని తీసుకుని హాల్లో పడుకుంటోంది. ఎవరైనా దీన్ని దాటి వచ్చినవాళ్ళుంటే చెప్పండి.

ఉప్పల్ పెద్దమ్మ
కడుపుల నట్టలుంటే గట్లనే కొరుకుతరు బిడ్డా. మా పెద్దోడు చిన్నగున్నప్పుడు రాత్రంత పండ్లు కొరికెటోడు. మా అత్తమ్మ నట్టల మందు ఏపిచ్చింది. తర్వాత తగ్గింది. నువ్వు గూడ ఒక గోళి ఏస్కో.

పళ్ళ డాక్టరమ్మ
పెద్దమ్మా, మీ అబ్బాయికి అప్పుడు ఆరేడేళ్ళు ఉండి ఉంటాయి కదా? పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చే వయసులో చాలామంది పిల్లలు కొరుకుతారు, పెద్దవుతుంటే దానంతటదే తగ్గుతుంది. తగ్గించిన పేరేమో నట్టల మాత్ర కొట్టేస్తుంది. ఫిబ్రవరి 10న స్కూళ్ళలో ఇచ్చే ఆల్బెండజోల్ పిల్లలకి తప్పకుండా వేయించండి, కానీ అది నులిపురుగుల కోసం. పళ్ళు కొరకడానికి పురుగులే కారణమని రుజువు కాలేదు.

నిశాచరుడు గారూ, రెండు చేతులూ చెంపల మీద పెట్టుకుని పళ్ళు ఒక్కసారి గట్టిగా బిగించండి. వేళ్ళ కింద గట్టిగా పొంగేది మాసెటర్ అనే నమిలే కండరం. అలాగే కణతల మీద పెట్టి చూస్తే అక్కడ ఇంకోటి కదులుతుంది. రాత్రంతా వాటితో బస్కీలు తీయిస్తే పొద్దున కణతలు పట్టేయక ఏం చేస్తాయి? దవడ కీలు సరిగ్గా చెవి ముందే ఉంటుంది కాబట్టి దాని నొప్పి చెవిపోటులా అనిపిస్తుంది. మీ ఈఎన్‌టీ డాక్టరు సరిగ్గానే చెప్పారు.

నిద్ర గురించి ఒక మాట. ఈ కొరకడం ఎక్కువగా తేలిక నిద్రలో జరుగుతుంది. మెదడు కొద్ది సెకన్లపాటు సగం మేలుకుంటుంది, గుండె వేగం పెరుగుతుంది, ఆ వెనకే దవడ బిగుసుకుంటుంది. కాబట్టి పళ్ళు కొరకడం వల్లే నిద్ర చెడుతోందని అనుకోకండి. నిద్రని చెదరగొట్టేది వేరే ఏదైనా ఉండి, దాని వెంట ఇది వస్తూ ఉండొచ్చు.

వనస్థలిపురం వదిన
కొరికేవాళ్ళు హాయిగా కొరుకుతారు, జాగారం మాది. మా ఆయనకి ఎనిమిదేళ్ళుగా ఉంది. మొదట్లో భుజం తట్టి లేపేదాన్ని. లేచి "ఏంటి?" అని, నేను చెప్పేలోపే మళ్ళీ నిద్ర. ఆయనకి మాత్రం పొద్దున ఏ నొప్పీ ఉండదు! తలనొప్పి నాకు.

అన్నయ్యగారూ, ముందు మీ ఆవిడకి చెవుల్లో పెట్టుకునే దూది లాంటివి కొనివ్వండి. మందుల షాపులో దొరుకుతాయి. నవ్వకండి, మా సంసారాన్ని నిలబెట్టింది అవే.

కేపీహెచ్‌బీ కుర్రాడు
పళ్ళు అరక్కుండా రాత్రి వాటి మీద తొడుక్కునే గార్డు విషయంలో నా తెలివితేటలు వినండి. ఆన్‌లైన్లో 500 రూపాయలకి, వేడినీళ్ళలో ముంచి కొరికితే పళ్ళ అచ్చు పడే రకం కొన్నా. మెత్తగా ఉండేసరికి రాత్రంతా చూయింగ్ గమ్‌లా నమిలానేమో, మూడు వారాలకి చిల్లు పడింది. రెండోది డాక్టరు అచ్చు తీసి చేసిచ్చిన గట్టి అక్రిలిక్‌ది. నాలుగు వేలు. దాన్ని శుభ్రం చేద్దామని మరిగే నీళ్ళలో వేశా. వంకరపోయింది. మూడోది ఇప్పుడు చల్లని నీళ్ళు, మెత్తని బ్రష్‌తో రెండేళ్ళుగా బతికుంది. మొదటి వారం నోట్లో చెప్పు పెట్టుకుని పడుకున్నట్టుంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

ఇంకోటి. గార్డు పెట్టుకుంటే కొరకడం ఆగదు అన్నా. పళ్ళ బదులు అది అరుగుతుంది, అంతే. నా మూడోదాని మీద గాట్లు చూస్తే ఎలక కొరికిన కొబ్బరిచిప్పే.

అమీర్‌పేట అక్క
గార్డుని పెట్టెలో పెట్టి మూయండి. మాది కుక్క తినేసింది.

గచ్చిబౌలి నైట్ షిఫ్ట్
నేను ఆరేళ్ళు నైట్ షిఫ్ట్ చేశా. డ్యూటీలో ఇరానీ చాయ్ ఐదారు కప్పులు, ప్రతి చాయ్‌కీ ఒక సిగరెట్. పొద్దున ఎండలో ఇంటికొచ్చి, కర్టెన్లు వేసుకుని పడుకుంటే పళ్ళు నూరుడే. కెఫీన్, సిగరెట్, మందు మూడూ దీన్ని పెంచుతాయని డాక్టరు చెప్తే ముందు మందు మానేశా, ఎందుకంటే నాకు అదే తేలిక. ఏమీ తేడా లేదు. షిఫ్టు సగం దాటాక చాయ్, సిగరెట్ రెండూ ఆపేసిన నెలకి మా రూమ్మేటే అన్నాడు, "ఏంరా, ఈ మధ్య చప్పుడు లేదు?" అని. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉన్న వారం మాత్రం మళ్ళీ మామూలే. రిలీజ్ అయిపోయిన రోజు రాత్రి చిన్నపిల్లాడిలా పడుకుంటా.

మెహదీపట్నం మౌనిక
నాది పగటి గోల. రాత్రి కొరుకుతానో లేదో ఒంటరిదాన్ని కాబట్టి చెప్పేవాళ్ళు లేరు. ఓ రోజు బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర సిగ్నల్లో హెల్మెట్ లోపల చెంపలు నొప్పిపెడుతుంటే గమనించా, గంట నుంచి పళ్ళు బిగించే ఉన్నా! ఆ తర్వాత చూసుకుంటే మెయిల్ రాస్తున్నా అంతే, ఉల్లిపాయలు తరుగుతున్నా అంతే.

నేను ఆందోళనకి సెర్ట్రలైన్ వాడుతున్నా. మొదలుపెట్టిన నెలలోనే దవడ నొప్పి వచ్చింది, కానీ రెండిటినీ కలిపి చూడాలని ఏడాదిదాకా తట్టలేదు. సైకియాట్రిస్ట్‌కి చెబితే ఆ రకం మందులతో కొందరికి ఇలా అవుతుందని మోతాదు సవరించారు. చాలావరకు తగ్గింది.

పళ్ళ డాక్టరమ్మ
మౌనికా, డాక్టర్‌కి చెప్పి మార్పించుకున్నావు, అది మంచి పని. చదివేవాళ్ళెవరూ ఆ మాత్రలు సొంతంగా ఆపొద్దు, ఒక్కసారిగా ఆపితే వచ్చే ఇబ్బంది పళ్ళ నొప్పి కంటే ఘోరంగా ఉంటుంది.

పగటిపూట బిగించేవాళ్ళకి: నోరు ఊరికే ఉన్నప్పుడు పై పళ్ళూ కింది పళ్ళూ ఆనకూడదు. పెదాలు కలిసి ఉండాలి, పళ్ళ మధ్య సన్న సందుండాలి, నాలుక పై అంగిలికి మెత్తగా ఆని ఉండాలి. ఇప్పుడు మీ పళ్ళు ఎలా ఉన్నాయో చూసుకోండి.

గచ్చిబౌలి నైట్ షిఫ్ట్
బిగించే ఉన్నాయి మేడమ్.

నిజాంపేట నిశాచరుడు
నావీ.

మణికొండ మహేష్‌భాయ్
ఇన్ని కష్టాలెందుకు భాయ్, దవడ కండరానికి బొటాక్స్ సూది వేయించుకుంటే అయిపోద్ది. మా కజిన్ వేయించుకున్నాడు, చెంపలు కూడా సన్నబడ్డాయి.

పళ్ళ డాక్టరమ్మ
కండరం బలం తగ్గుతుంది, నిజమే. మూడు నాలుగు నెలలకి మళ్ళీ మామూలే, మళ్ళీ సూది. గట్టి పదార్థాలు నమలడం కష్టమయ్యేవాళ్ళున్నారు. అన్నీ చేసి చూశాక ఆలోచించాల్సినది, మొదటి మెట్టు మాత్రం కాదు.

అల్వాల్ అంకుల్
నిశాచరుడు గారూ, ఒక్క ప్రశ్న. మీకు గురక ఉందా?

నాకు 54. ఇద్దరు పళ్ళ డాక్టర్లు, రెండు గార్డులు, పన్ను మీద వేసిన ఒక క్రౌన్ (తొడుగు) విరిగింది. పళ్ళకి రక్షణ దొరికింది గానీ మీరన్నట్టే పొద్దున లేచేసరికి రాత్రంతా మూటలు మోసినట్టుండేది. మేడ్చల్ రోడ్డు మీద కారు నడుపుతూ రెండుసార్లు కునుకు పట్టింది, పక్కన మా ఆవిడ అరవబట్టి బతికాం. చివరికి నిద్ర పరీక్ష చేయించుకోమన్నారు. ఒక రాత్రి ఆస్పత్రిలో తలకీ, గడ్డానికీ, ఛాతీకీ తీగలు అంటించి, వేలికి క్లిప్పు పెట్టి పడుకోబెడతారు. ఇన్ని తీగలతో ఎవడికి నిద్ర పడుతుందనుకున్నా, పట్టింది. గంటకి సగటున 22 సార్లు శ్వాస ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోందని వచ్చింది. 15 నుంచి 30 మధ్య ఉంటే మధ్యరకం స్లీప్ అప్నియా అట. నిద్రలో శ్వాస ఆగకుండా మాస్కులోంచి గాలి ఊదే సీప్యాప్ మిషన్ ఇచ్చారు. మాస్కు పెట్టుకుంటే మా మనవడు ఏనుగు తాత అంటాడు. అననీ. మధ్యాహ్నం కునుకు లేకుండా పేపరు మొత్తం చదువుతున్నా. కొరకడం పూర్తిగా పోలేదు, కానీ ఎప్పుడో ఒక రాత్రి.

పళ్ళ డాక్టరమ్మ
అంకుల్ అడిగింది నేనే ముందు అడగాల్సింది. పళ్ళు కొరికే ప్రతివాళ్ళకీ అప్నియా ఉండదు. కానీ గురక, పగటి మగత, లేవగానే తలనొప్పి కలిసి ఉంటే పరీక్ష మంచిది. గురక సంగతి గార్డు చేయించుకోకముందే చెప్పాలి కూడా, పై దవడకి పెట్టే గార్డుతో కొందరికి శ్వాస ఇబ్బంది పెరుగుతుంది.

బడంగ్‌పేట విద్యార్థి
నాలుగు వేలు నా వల్ల కాదు, ఏదైనా దారి ఉందా?

పళ్ళ డాక్టరమ్మ
అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. పొద్దున్నే ఓపీకి వెళ్ళి అడుగు. లైను ఉంటుంది, టిఫిన్ తినేసి వెళ్ళు.

నిజాంపేట నిశాచరుడు
మూడు వారాల తర్వాత రాస్తున్నా. గురక ఉందా అని అడిగితే మా ఆవిడ "ఇప్పుడా అడిగేది?" అంది. పెళ్ళైన కొత్తల్నుంచీ ఉందట, పళ్ళ చప్పుడు ముందు అది లెక్కలోకి రాలేదట. డాక్టరుకి చెప్పి కింది దవడకి గార్డు చేయించుకున్నా. కణతల నొప్పి వారంలో ఒకటి రెండు రోజులకి దిగింది. మగత అలాగే ఉంది. వచ్చే శుక్రవారం నిద్ర పరీక్ష, ఆ రోజుకి అమెరికా కాల్ రద్దు చేయమని మేనేజర్‌ని అడిగా, ఒప్పుకున్నాడు. ల్యాప్‌టాప్ మూత మీద "పళ్ళు వదులు" అని కాగితం అంటించా, ఆఫీసులో చూసినవాళ్ళందరికీ కథ చెప్పాల్సి వస్తోంది.

ఆవిడ గదిలోకి తిరిగొచ్చింది, చెవుల్లో దూదితో (వదిన గారూ, థాంక్స్). పాప మాత్రం రానంటోంది. హాల్లో కూలర్ బాగుందట.