కరాటే కటా హెయాన్ షోదాన్ 3, 4 కదలికలు: జతగా చేస్తే గెదాన్ బరాయ్ (కిందివైపు బ్లాక్) ఎందుకు నిలబడట్లేదు?

ప్రశ్న:
షోటోకాన్ (కరాటేలో ఒక శైలి) వాళ్లను అడుగుతున్నాను. కటా (నిర్ణీత కదలికల వరుస) ఒంటరిగా చేస్తే బాగానే వస్తోంది. బుంకాయ్ (కటా కదలికల వాడకం) కోసం ఎదురుగా మనిషిని పెట్టి మాయె గేరి (ముందుకు తన్నే కిక్) వేయిస్తే మాత్రం చెడుతోంది. 3వ కదలికలో 180 డిగ్రీలు తిరిగి గెదాన్ బరాయ్ వేయగానే ఒళ్లు పక్కకు తూలుతుంది. కిక్ తగిలితే ముంజేతి ఎముక అదిరిపోతుంది. 4లో ముందు కాలు లాక్కుని కొట్టే తెత్సుయ్ (పిడికిలిని సుత్తిలా దించే దెబ్బ) దేనికో కూడా చెప్పండి.

జవాబు 1:
తూలడానికి కారణం చేతిలో లేదండీ, పాదాల్లో ఉంది. 2వ కదలిక ఓయ్ జుకిలో (అడుగేస్తూ గుద్దే పంచ్) కుడికాలు ముందుంటుంది. ఎడమ పాదం మీద తిరిగాక కూడా కుడికాలే ముందుండాలి. అందుకని అది ఎడమ పాదం గీత దాటి, అవతల తుంటి వెడల్పంత దూరంలో పడాలి. గీత మీదే ఆపేస్తే జెన్‌కుత్సు దాచికి (ముందు మోకాలు వంచి నిలబడే భంగిమ) వెడల్పు ఉండదు. తిరిగాక బ్లాక్ వేయకుండా ఆగి, భుజాన్ని పక్కనుంచి మెల్లగా నెట్టమనండి, తెలిసిపోతుంది. బరువు ముందు కాలి మీద 60 శాతం, వెనక 40. వెనక మడమ లేవకూడదు.

ఎముక సంగతి: మీరు కిక్‌ను పైనుంచి కిందికి కొడుతున్నట్టుంది. అప్పుడు మీ ముంజేయీ అతని ముంగాలి ఎముకా ఎదురెదురు. పిడికిలి మీ రెండో వైపు చెవి దగ్గర మొదలై, ఏటవాలుగా దిగి, మోకాలికి సుమారు పిడికిలిన్నర ఎత్తులో ఆగాలి. కాలిని పక్కనుంచి తోసెయ్యాలి, ఆపకూడదు. మణికట్టు చివర్లోనే తిప్పండి. ముందే తిప్పితే మోచెయ్యి బయటికి విచ్చుకుంటుంది, తోపులో బలం ఉండదు.

జవాబు 2:
పై మాటకు ఒకటి కలుపుతాను. కటాలో బ్లాక్ వేస్తూ ముందుకు వెళ్తాం. కిక్ పూర్తిగా చాచుకున్నాక దానిలోకి అడుగు వేస్తే ఏ బ్లాకూ పనిచేయదు. కిక్‌కు వాడాలంటే వెనక్కి అడుగేస్తూ చేయండి. ముందుకే వెళ్లాలనుకుంటే నాకు నచ్చే బుంకాయ్ ఇది: అతని ఎడమ మణికట్టును మీ ఎడమచేత్తో పట్టి తుంటికి లాగండి, అదే హికితె. కుడి ముంజేయి అతని మోచేతికి కాస్త పైన కిందికి నొక్కుతుంది. కటాలో రెండు చేతులూ ముందు ఒకదానిమీదొకటి అడ్డంగా వచ్చి విడిపోయేది ఇందుకే సరిపోతుంది. మోచేతి కీలు కాబట్టి మెల్లగా నొక్కాలి, అతను చేతితో తట్టగానే వదిలేయాలి.

జవాబు 3:
4వ కదలిక గురించి. బరాయ్ వేసిన మీ కుడి మణికట్టు అతను పట్టుకున్నాడనుకోండి. చేతిబలంతో గుంజితే రాదు. ముందు పాదం సగం అడుగు వెనక్కి వస్తే ఒంటి బరువంతా ఆ లాగుడులోకి వస్తుంది. లాగాల్సిన దిక్కు అతని బొటనవేలికీ వేళ్లకూ మధ్య సందు. వదిలించుకున్న పిడికిలి అక్కడితో ఆగకుండా గుండ్రంగా పైకి తిరిగి, భుజం ఎత్తులో మెడఎముక మీద దిగుతుంది. మోచెయ్యి కాస్త వంగే ఉండాలి. నేర్చుకునేవాళ్లు చేతిని ముందు, పాదాన్ని తర్వాత కదుపుతారు. పట్టు ఊడకపోవడానికి ఎక్కువగా అదే కారణం. రెండూ ఒకేసారి కదలాలి, వీలైతే పాదమే ఒక వెంట్రుకవాసి ముందు.