సెవెంత్ గ్రేడ్ ఇంగ్లీష్ క్లాసులో అసలేం చెప్తారు? (టెక్సస్)

నిజాంపేట_నాన్న:

అందరికీ నమస్కారం. మేం జూన్‌లో హైదరాబాద్ నుంచి డాలస్ దగ్గరికి వచ్చాం. మా అమ్మాయి అక్కడ ఆరో తరగతి పూర్తి చేసింది, ఇక్కడ సెవెంత్ గ్రేడ్‌లో వేశారు. మ్యాథ్స్‌తో ఏ గొడవా లేదు, అక్కడ నేర్చుకున్నదే ఇంకా నడుస్తోంది. గొడవంతా ఇంగ్లీష్‌తోనే. హైదరాబాద్‌లో ఇంగ్లీష్ మార్కులు ఎప్పుడూ తొంభైకి తగ్గలేదు. యాక్టివ్ వాయిస్, ప్యాసివ్ వాయిస్ నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. అలాంటి పిల్లకి ఇక్కడ మొదటి ఎస్సేకి ఐదుకి రెండు వచ్చాయి.

ఒక కథ చదివించి దాని మీద రాయమన్నారట. తను పేజీన్నర రాసింది, నేనూ చదివాను, స్పెల్లింగ్ తప్పు ఒక్కటి లేదు. టీచర్ పక్కన రాసిన మాట ఏంటంటే, కథ చక్కగా చెప్పావు, కానీ నువ్వేమంటున్నావు అని. అది చూసి ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. "నేనేమనాలి నాన్నా, కథలో ఉన్నదే కదా రాయాలి" అంటుంది. నాకూ ఏం చెప్పాలో తోచలేదు. మా రోజుల్లో సార్ బోర్డు మీద క్వశ్చన్ ఆన్సర్లు రాసేవారు, మేం నోట్సులోకి ఎక్కించుకుని బట్టీ కొట్టేవాళ్లం, ఇంగ్లీష్ అంటే మాకు అదే.

పైగా టెక్స్ట్‌బుక్ అంటూ ఇంటికి ఏదీ రాదు, అంతా క్రోమ్‌బుక్‌లోనే. సిలబస్ ఎక్కడుందో, దేన్ని చదివించాలో తెలియట్లేదు. సబ్జెక్ట్ పేరు కూడా ఇంగ్లీష్ కాదు, ఈఎల్ఏఆర్ (ఇంగ్లీష్ లాంగ్వేజ్ ఆర్ట్స్ అండ్ రీడింగ్) అని ఉంది. అసలు సిక్స్త్ నుంచి ఎయిత్ దాకా మూడేళ్లు ఈ క్లాసులో ఏం నేర్పుతారు? గ్రామర్ ట్యూషన్ పెట్టించాలా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

ఇర్వింగ్_అమ్మ:

ట్యూషన్‌కి తొందరపడకండి, అందులోనూ గ్రామర్ ట్యూషన్ అసలొద్దు. మేం ఆ తప్పు చేసి ఆరు నెలల డబ్బులు పోగొట్టుకున్నాం.

మావాడు ఇప్పుడు ఎయిత్ గ్రేడ్. మీరు అడిగిన సిలబస్ ఉంది, దాన్ని ఇక్కడ టీక్స్ అంటారు, స్టేట్ వాళ్ల సైట్‌లో గ్రేడ్ వారీగా పెట్టారు. మిగతా చాలా రాష్ట్రాల్లో 2010లో వచ్చిన కామన్ కోర్ గానీ దాన్ని కొంచెం మార్చుకున్నది గానీ నడుస్తుంది. టెక్సస్ మాత్రం అందులో చేరనే లేదు, తన సిలబస్ తనదే. న్యూజెర్సీలో ఉన్న చుట్టాలు చెప్పేవాటికీ మనవాటికీ పేర్లు కలవవు, కానీ లోపలి సరుకు దాదాపు ఒకటే. మీరు గమనించాల్సింది ఏంటంటే అందులో ఫలానా పాఠం, ఫలానా పద్యం అని ఉండదు. ఏ కథ ఇచ్చినా పిల్ల ఏం చేయగలగాలో మాత్రమే ఉంటుంది. అందుకే పాఠం చదివిస్తే సరిపోదు, పరీక్షలో వచ్చేది ఎప్పుడూ చూడని కథే.

నాకు మొదట ఎక్కనిది థీమ్ అనే ముక్క. మావాడిని కథ థీమ్ ఏంట్రా అంటే "స్నేహం" అనేవాడు. అది థీమ్ కాదట, టాపిక్ అట. స్నేహం గురించి ఆ కథ ఏమంటోందో ఒక పూర్తి వాక్యంలో చెప్తేనే థీమ్. సిక్స్త్ గ్రేడ్ సగం దీనికే పోయింది మాకు.

ఇంకొకటి, ఎయిత్‌లో వాదనలో మోసాలు పట్టుకోవడం నేర్పుతారు. అందరూ నమ్ముతున్నారు కాబట్టి ఇది నిజం అనడం (దీన్ని బ్యాండ్‌వాగన్ అంటారు), ఒకే మాటని తిప్పి తిప్పి చెప్పి అదే రుజువు అనడం, ఇలాంటివి. దాని ఫలితం ఏంటంటే మా మావగారు ఫ్యామిలీ గ్రూపులో పెట్టే వాట్సాప్ ఫార్వర్డ్‌లకి మావాడు కింద "తాతయ్యా, ఇది బ్యాండ్‌వాగన్" అని రిప్లై పెడుతున్నాడు. ఇంట్లో కొంచెం వేడిగా ఉంది ఇప్పుడు.

బ్రాడీపేట_బాబాయ్:

ఏమో అమ్మా, నాకైతే ఇదంతా వింతగా ఉంది. గ్రామర్ రానిదే ఇంగ్లీష్ ఎక్కడ వస్తుంది? మా తరం ఆ ఎర్ర అట్ట గ్రామర్ పుస్తకం నమిలి మింగాం, ఆ తర్వాతే ఉద్యోగాలొచ్చాయి. ఇప్పుడు పన్నెండేళ్ల పిల్లని పట్టుకుని నువ్వేమంటున్నావు అని అడిగితే పాపం అదేమంటుంది? ముందు భాష రానివ్వాలి, అభిప్రాయాలు తర్వాత. నేను మా మనవరాలి క్లాస్ వర్క్ చూశాను, ఒక్క పేరాకి నాలుగు రోజులు. నాలుగు రోజుల్లో మేం నాలుగు లెసన్లు అవగొట్టేవాళ్లం.

బడి_పంతులమ్మ:

బాబాయ్ గారూ, గ్రామర్ తీసేయలేదండీ, చోటు మార్చారు. నేను హ్యూస్టన్ దగ్గర మిడిల్ స్కూల్లో సిక్స్త్‌కీ సెవెంత్‌కీ ఈ సబ్జెక్టే చెప్తాను, అంతకుముందు విజయవాడలో ఆరేళ్లు ఇంగ్లీష్ చెప్పాను, రెండూ చూసినదాన్ని. అక్కడ వాక్యం ఇచ్చి మార్చమనేవాళ్లం. ఇక్కడ పిల్లలు రాసిన వాక్యాన్నే వాళ్ల చేత మళ్లీ దిద్దిస్తాం. కామా ఎక్కడ పెట్టాలి, ఈ సర్వనామం ఎవరిని చూపిస్తోంది, రెండు చిన్న వాక్యాలు ఎలా కలపాలి, ఇవన్నీ ఎడిటింగ్ రోజున వస్తాయి. స్టార్ అని ఇక్కడ స్టేట్ వాళ్లు ఏటా పెట్టే పరీక్షలో కూడా ఎడిటింగ్ ప్రశ్నలు వేరేగా ఉంటాయి.

నిజాంపేట నాన్నగారూ, మీ అమ్మాయికి ఐదుకి రెండు ఎలా వచ్చాయో నాకు ఇక్కడ కూర్చునే అర్థమవుతోంది. 2023లో స్టార్‌ని మార్చారు. అంతకుముందు రాయడానికి వేరే పరీక్ష ఫోర్త్‌లోనూ సెవెంత్‌లోనూ మాత్రమే ఉండేది. ఇప్పుడు థర్డ్ నుంచి ఎయిత్ దాకా ప్రతి ఏడూ, ముందు ఒక భాగం చదివి, దాని మీదే ఎస్సే రాయాలి, అదీ కంప్యూటర్‌లో టైప్ చేసి. ఆ ఎస్సేకి ఐదు పాయింట్లు. అందులో ఆలోచన, దాన్ని పేర్చిన తీరుకి మూడు. స్పెల్లింగ్, గ్రామర్, పంక్చువేషన్ అన్నీ కలిపి రెండే. పైగా మొదటి దాంట్లో సున్నా వస్తే రెండోది ఎంత బాగున్నా సున్నానే వేస్తారు. చాలా స్కూళ్లలో క్లాసు ఎస్సేలు కూడా అదే లెక్కన దిద్దుతారు. మీ అమ్మాయికి వచ్చిన రెండులో ఎక్కువ భాగం తప్పుల్లేకుండా రాసినందుకే అయ్యుంటుంది.

దీన్ని మన కథతోనే చెప్తాను. ఆవు–పులి కథ అందరికీ తెలుసు కదా. ఆవుని పులి పట్టుకుంది, ఇంట్లో దూడ ఉంది, పాలిచ్చి వస్తానంది, మాట ప్రకారం వచ్చింది, పులి తినకుండా వదిలేసింది. ఇండియా నుంచి వచ్చిన పిల్లకి ఈ కథ ఇచ్చి థీమ్ రాయమంటే పేజీ అంతా ఇదే రాసి, చివర్లో "కాబట్టి మనం ఎప్పుడూ నిజమే చెప్పాలి" అని పెడుతుంది. చదవడానికి బాగుంటుంది. కానీ కథ నాకూ తెలుసు, నీతి అయితే కథ వినకుండానే ఎవరైనా చెప్తారు. దీంట్లో పిల్ల చేసిన పని ఏదీ లేదు.

మేం అడిగేది మూడు అడుగులు. మొదటిది క్లెయిమ్, అంటే నీ మాట. ఉదాహరణకి, మాట మీద నిలబడేవాళ్లు ఎదుటివాళ్ల స్వభావాన్ని కూడా మార్చగలరని ఈ కథ చూపిస్తోంది. ఇక్కడ ఎవరైనా కాదనడానికి వీలుండాలి, అదే గుర్తు. రెండోది ఎవిడెన్స్, కథలోంచి పట్టుకొచ్చిన ముక్క. ఆవు తిరిగొచ్చేటప్పుడు దాని మెడకి తాడు లేదు, వెనక ఎవరూ తోలలేదు, తనంతట తానే వచ్చి పులి ముందు నిలబడింది. మూడోది పిల్లలందరూ వదిలేసేది, ఆ ముక్క నీ మాటని ఎలా నిలబెడుతోందో విప్పి చెప్పడం. పులి అప్పటిదాకా చూసినవన్నీ తనని చూసి పరిగెత్తే జంతువులే. పరిగెత్తేదాన్ని తరమడం దానికి తెలుసు, నడుచుకుంటూ వచ్చి నిలబడినదాన్ని ఏం చేయాలో తెలియదు. అందుకే ఆగింది. ఈ చివరి మూడు వాక్యాలు ఏ గైడులోనూ దొరకవు, పిల్ల కూర్చుని ఆలోచించాల్సిందే. బాబాయ్ గారూ, ఆ నాలుగు రోజులు పోయేది ఇక్కడేనండీ.

కిందటేడు ఇలాంటి కథకే ఒక అబ్బాయి, అది జాలి కాదు మిస్, పులికి సిగ్గేసింది అని రాశాడు. నేను అనుకున్న జవాబు అది కాదు. కానీ కథలోంచి రెండు చోట్లు చూపించాడు, పూర్తి పాయింట్లు వేశాను.

మూడేళ్లలో మిగతాది కూడా ఉంది. కవిత్వం, నాటకం, వ్యాసాలు, ప్రకటనలు చదివి రాసినవాడు ఫలానా మాటే ఎందుకు వాడాడో చెప్పడం. సొంత అనుభవం రాయడం. చిన్న రీసెర్చ్ చేసి ఏది ఎక్కడ నుంచి తీసుకున్నామో చెప్పడం. ఈ చివరిదాంట్లో మన పిల్లలు దెబ్బతింటారు, నెట్‌లోంచి రెండు లైన్లు ఎత్తి పెట్టడం వాళ్లకి తప్పుగా తోచదు, ఎందుకంటే అక్కడ ప్రాజెక్ట్ వర్క్ అంటే మనం చేయించింది అదే. ఇక్కడ దాన్ని దొంగతనం కింద చూస్తారు. ఇది ఇంట్లో ముందే చెప్పి పెట్టండి.

గోదారి_గట్టు:

హాయ్ అంకుల్, నేను ఇప్పుడు టెన్త్ గ్రేడ్, సిక్స్త్‌లో రాజమండ్రి నుంచి వచ్చాను, సేమ్ సీన్. రాయడం కంటే నాకు మాట్లాడటం పెద్ద నరకం. కుర్చీలన్నీ రౌండ్‌గా వేసి కథ మీద మాట్లాడుకోమంటారు, టీచర్ అస్సలు నోరు విప్పరు, ఎవరెన్నిసార్లు మాట్లాడారో కాగితం మీద గీతలు పెట్టుకుంటారు అంతే. నేను ఎవరైనా పేరు పిలుస్తారేమో అని చూస్తూ కూర్చున్నా, పీరియడ్ అయిపోయింది, నా పేరు ముందు ఒక్క గీత లేదు. అక్కడ పిలవకుండా మాట్లాడితే అధిక ప్రసంగం, ఇక్కడ మాట్లాడకపోతే మార్కు పోయింది. తర్వాత ఒక ట్రిక్ దొరికింది, ముందు వేరేవాళ్లు అన్నది పట్టుకుని "నువ్వన్నది ఒప్పుకుంటాను కానీ ఫలానా పేజీలో ఇలా ఉంది కదా" అంటే చాలు, గీత పడుతుంది. మీ అమ్మాయికి ఇది చెప్పండి.

ఒకాబులరీకి లిస్టులు బట్టీ పెట్టొద్దు, లాటిన్, గ్రీక్ రూట్స్ పట్టుకోమనండి. ఆడ్ అంటే వినడం అని తెలిస్తే ఆడియో, ఆడియన్స్, ఆడిటోరియం, ఆడిబుల్ అన్నీ ఒక్క దెబ్బకి వచ్చేస్తాయి. మనకి సంస్కృతం ధాతువుల్లాగే, మా అమ్మమ్మ ఇలాగే చెప్పేది.

ఇంకా, రోజూ క్లాసులో కాసేపు సైలెంట్‌గా సొంత పుస్తకం చదువుకోమంటారు, నచ్చిందే తెచ్చుకోవచ్చు. అది టైంపాస్ అనుకుని నేను కామిక్స్ తిప్పేవాణ్ణి. కామిక్స్ కూడా పనికొచ్చాయి అనుకోండి, లైబ్రరీ కార్డు మాత్రం ఈ వారమే తీయించండి.

బ్రాడీపేట_బాబాయ్:

పంతులమ్మగారూ, ఆ రెండు పాయింట్ల లెక్క నాకు నచ్చలేదు గానీ పులి సంగతి బాగుంది. ఒక్క డౌట్. ఆ స్టేట్ పరీక్ష ఎస్సేలు ఇప్పుడు కంప్యూటరే దిద్దుతోందట కదా, మరి అదేం అర్థం చేసుకుంటుంది పులికి సిగ్గేసిందని?

బడి_పంతులమ్మ:

నిజమేనండీ, 2023 డిసెంబర్ నుంచి ముందు కంప్యూటరే దిద్దుతోంది, కొంత భాగం మాత్రమే మళ్లీ మనుషుల దగ్గరికి వెళ్తుంది. మాకూ అది మింగుడు పడలేదు. ఇంక ఈ స్టార్‌నే 2027–28 నుంచి తీసేసి చిన్న పరీక్షలు పెడతామంటున్నారు. అందుకే నేను పేరెంట్స్‌కి పరీక్ష గురించి తక్కువ చెప్తాను, అది రేపు మారిపోతుంది.

నాన్నగారూ, ఇంకో మాట మర్చిపోయాను. అడ్మిషన్ ఫారంలో ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అన్నదానికి తెలుగు అని రాసి ఉంటారు కదా, దానివల్ల అమ్మాయికి మొదటి నాలుగు వారాల్లో ఇంగ్లీష్ టెస్ట్ పెట్టి ఉండాలి. కొందరు అవమానంగా తీసుకుంటారు, వద్దు. అందులో సాయం అవసరమని తేలితే అదనంగా ఒక టీచర్ చూసుకుంటారు, అంతే.

నిజాంపేట_నాన్న:

అందరికీ చాలా థ్యాంక్స్. ఆ టెస్ట్ పెట్టారండీ, పాస్ అయింది, అప్పుడు నేను కూడా లోపల కాస్త ఉడుక్కున్న మాట నిజమే.

రాత్రి అన్నం తినేటప్పుడు ఆవు–పులి కథ తీశాను. మేడమ్ చెప్పినట్టు క్లెయిమ్ చెప్పమ్మా అన్నాను. ఐదు నిమిషాలు మౌనం. నేను సాయం చేయబోతే మా ఆవిడ కాలు తొక్కింది. చివరికి అమ్మాయి ఏమందంటే, "ఆవు చేసింది తప్పు నాన్నా. దూడకి ఇంకెవరున్నారు? పులికిచ్చిన మాట కంటే దూడే ఎక్కువ కదా" అని. నేను వెంటనే అలా అనకూడదమ్మా అనబోయి ఆగిపోయాను. శుక్రవారం ఆ ఎస్సే తిరిగి రాయడానికి టీచర్ ఛాన్స్ ఇచ్చారు, అది వేరే కథే అనుకోండి. కానీ ఇలాంటి జవాబు రాస్తే ఒప్పుకుంటారా, మేడమ్?

బడి_పంతులమ్మ:

ఒప్పుకోవడమేంటండీ. దూడ సంగతి కథలో ఎక్కడుందో చూపించి, అవతలివాళ్లు మాట తప్పడం తప్పు కదా అంటే దానికి జవాబు కూడా ఒక పేరాలో రాయమనండి. ఆ అవతలివాళ్ల మాటని కౌంటర్ క్లెయిమ్ అంటారు, సెవెంత్ వాళ్లలో చాలామంది అడిగినా రాయరు.